ఎండ కాదు అడ్డం, చలి చాలదు: అడవి టులిప్‌లపై అపోహలు – వాస్తవాలు

రోహిణి కార్తె ఎండ టులిప్‌ను చంపదు. మే నెలలో 40 డిగ్రీలు దాటే అనంతపురం సీమలోని కనగానపల్లిలో నిలబడి ఈ మాట అంటే వినేవాళ్లు నవ్వుకుంటారు. టులిప్ అనగానే కళ్లముందుకు వచ్చేది హాలండే. గాలిమరలు, కాలువలు, వాటి పక్కన రంగురంగుల పూలమళ్లు. 1981లో వచ్చిన ‘సిల్‌సిలా’ హిందీ సినిమాలో ఒక పాట అక్కడి క్యూకెన్‌హాఫ్ తోటలో తీశారు. అప్పటినుంచి మన సినిమాలూ ఆ మళ్ల చుట్టూ తిరుగుతూనే ఉన్నాయి. దాంతో అది చల్లని దేశపు పువ్వనీ, వేసవి దానికి గిట్టదనీ, అనంతపురం సీమలో బతకకపోవడానికి ఎండే కారణమనీ స్థిరపడిపోయింది.

టులిప్ ఇక్కడ నిలదొక్కుకోదన్నది నిజమే. చెప్పే కారణం మాత్రం తప్పు. ఈ ఒక్క తప్పు నుంచే మిగతా అపోహలు చాలావరకు పుట్టుకొస్తాయి. ఏటా చలికాలం ముందు ఆన్‌లైన్‌లో గడ్డలు తెప్పించి, కుండీలో పెట్టి, నీళ్లు పోసి, చివరికి కుళ్లిన పొట్టు తీసి పారేసేవాళ్ల డబ్బు నష్టమూ ఇక్కడినుంచే మొదలవుతుంది.

అపోహ: “టులిప్ హాలండ్ పువ్వు”

హాలండ్‌లో అడుగుపెట్టేనాటికే టులిప్‌కు పెద్ద చరిత్ర ఉంది. అడవి టులిప్‌ల అసలు పుట్టిల్లు మధ్య ఆసియా. తియాన్ షాన్, పామిర్ కొండల వాలుల్లో, కజకిస్తాన్, ఉజ్బెకిస్తాన్ గడ్డిమైదానాల్లో ఇప్పటికీ అవి వాటంతట అవే పూస్తాయి. అక్కడినుంచి ఇరాన్, తుర్కియే, మధ్యధరా తీరం దాకా పాకాయి. తుర్కియే సుల్తానులు తోటల్లో పెంచి మోజుగా రకాలు తీశారు. ఆ తరువాతే యూరప్‌కు వెళ్లాయి. కరోలస్ క్లుసియస్ అనే వృక్షశాస్త్రవేత్త 1593లో లైడెన్ విశ్వవిద్యాలయపు తోటలో గడ్డలు నాటితే మరుసటి ఏడు వసంతంలో పూశాయి. డచ్చివాళ్ల టులిప్ కథ అక్కడ మొదలు.

ఆ క్లుసియస్ పేరే పెట్టుకున్న అడవి టులిప్ ఒకటుంది, టులిపా క్లుసియానా. సన్నటి కాడ, కొనదేలిన రేకులు, లోపల తెలుపు, వెలుపల ఎరుపు చార. ఇరాన్, అఫ్గానిస్తాన్ మొదలు పశ్చిమ హిమాలయం దాకా దాని నేల. అంటే మన దేశం కూడా దాని సొంత ఊళ్లలో ఒకటి. కశ్మీరులో పూర్వం ఇళ్ల కప్పులకు భూర్జపత్రం బెరడు పరిచి, పైన మన్ను కప్పి, ఆ మన్నులో టులిప్ గడ్డలు పెట్టేవారు. వసంతంలో ఊళ్లకు ఊళ్ల కప్పులు ఎర్రగా పూసేవని జహంగీరు చక్రవర్తి తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. ఆయన ఆస్థాన చిత్రకారుడు ఉస్తాద్ మన్సూర్ 1620 ప్రాంతంలో గీసిన ఎర్ర టులిప్ బొమ్మ ఇప్పటికీ అలీగఢ్‌లో భద్రంగా ఉంది. రాయలసీమ పల్లెల్లో మట్టి మిద్దెలు ఎరిగినవాళ్లకు ఈ సంగతి ఇట్టే పట్టుబడుతుంది. వాన వెలిసిన నాలుగు రోజులకు మిద్దెమీది చౌడుమన్నులోనూ పచ్చిక మొలిచేది కదా. తేడా అల్లా మిద్దెమీది చలిలోనే.

అపోహ: “ఎండ తగిలితే టులిప్ చచ్చిపోతుంది”

ఇక్కడ కాస్త నిదానించాలి. అడవి టులిప్ బతికే కొండవాలుల్లో వేసవి మామూలుగా ఉండదు, బండలు కాలిపోతాయి. నెలల తరబడి చినుకు పడదు. ఇజ్రాయెల్ దక్షిణాన ఉన్న నెగెవ్ ఎడారిలో టులిపా సిస్టొలా అనే ఎర్ర టులిప్ రాళ్ల సందుల్లో పూస్తుంది. అనంతపురం ప్రాంతంలో ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే మనం కరువు సీమ అంటున్నాం. నెగెవ్‌లో అందులో సగం కూడా పడదు.

మరి ఆ ఎండను ఎలా ఓర్చుకుంటుంది? ఓర్చుకోదు, తప్పించుకుంటుంది. వసంతం చివర ఆకు పండిపోగానే మొక్క పైభాగమంతా ఎండి, గడ్డ భూమిలో నిద్రపోతుంది. చిన్న గడ్డలు ఏటా మరికొంచెం లోతుకు దిగే ఏర్పాటు కూడా చాలా జాతుల్లో ఉంది. గడ్డ అడుగునుంచి గొట్టంలాంటి కాడ కిందికి సాగి, దాని కొసన కొత్త గడ్డ కడుతుంది. పైన ఎండ ఎంత మండినా లోపల గడ్డ పొడిగా, వెచ్చగా ఉంటుంది. ఆ వెచ్చదనం దానికి కావాలి కూడా. వచ్చే ఏటి పువ్వుకు పునాది పడేది ఆ నిద్రలోనే. గడ్డను కోసి చూస్తే వేసవి ముగిసేసరికి లోపల రేకులు, కేసరాలు అన్నీ చిన్న రూపంలో తయారై కనిపిస్తాయి.

తరువాత కావలసింది చలి. రెండు డిగ్రీల నుంచి తొమ్మిది డిగ్రీల మధ్య, తెంపు లేకుండా సుమారు 12 నుంచి 16 వారాలు. ఆ చలిలో గడ్డలోని పిండిపదార్థం చక్కెరగా మారుతుంది, కాడ సాగడానికి కావలసిన మార్పులు జరుగుతాయి. చలి అందకపోతే లోపల తయారైన మొగ్గ అక్కడే ఎండిపోతుంది, లేదా ఆకుల మధ్యనే ఇరుక్కుని పొట్టిగా విచ్చుకుంటుంది. కొన్ని అడవి జాతులకు తోట రకాలకన్నా తక్కువ చలి చాలు. కానీ ఎంత తక్కువైనా అది చలే కావాలి.

కనగానపల్లిలో, ధర్మవరంలో, పెనుకొండలో డిసెంబరు, జనవరి రాత్రులు సగటున 16–18 డిగ్రీల దగ్గర ఉంటాయి. ఎత్తుమీద ఉన్న హిందూపురంలో ఇంకొంచెం చల్లగా ఉండొచ్చు. ఏదో ఒక రాత్రి ఇంకా దిగినా, తెల్లారి పదింటికల్లా ఎర్రనేల మళ్లీ వేడెక్కుతుంది. దుప్పటి కప్పుకునే మనకు అది చలికాలం. టులిప్ గడ్డకు అది ఇంకా వేసవే.

రెండో చిక్కు వానది. టులిప్ సొంత దేశాల్లో వాన, మంచు శీతాకాలంలో పడి, వేసవి ఎండగా ఉంటుంది. మనకు వాన సెప్టెంబరు, అక్టోబరుల్లో ఎక్కువ. సరిగ్గా గడ్డ పొడిగా నిద్రపోవాల్సిన వేళ ఉత్తర, హస్త, చిత్త కార్తెల వానలు దిగుతాయి. వెచ్చటి నేల, దానికి తడి తోడైతే ఫ్యుసేరియం అనే బూజు గడ్డ అడుగునుంచి కుళ్లబెడుతుంది. కాబట్టి కనగానపల్లిలో టులిప్‌కు శత్రువులు ఇద్దరు: చలిలేని పుష్యం, తడిసిన ఆశ్వయుజం. జ్యేష్ఠ మాసపు ఎండ ఆ జాబితాలో లేదు.

అపోహ: “అడవి రకాలు మొండివి, ఎక్కడ నాటినా ఏటా వాటంతటవే పూస్తాయి”

నర్సరీలవాళ్లు స్పీషీస్ టులిప్ అని అమ్మేవి మనిషి సంకరం చేసి పెంచిన పెద్ద పూల రకాలు కావు. అడవిలో ఉన్న జాతులు, లేదా వాటికి అతి దగ్గరి ఎంపికలు. తార్దా, హ్యుమిలిస్, లినిఫోలియా, సాక్సాటిలిస్, సిల్వెస్ట్రిస్ లాంటి పేర్లు. చాలావరకు జానెడు, ఇంకాస్త ఎత్తు. కొన్నింటికి ఒకే కాడమీద రెండుమూడు పూలు. ఎండ తగిలినప్పుడు నక్షత్రంలా విచ్చుకుని, సాయంత్రానికి ముడుచుకుంటాయి. గడ్డ చిన్న ఉల్లిపాయంత కూడా ఉండదు. పెద్ద గడ్డే మంచి గడ్డ అన్న లెక్క తోట రకాలకు వర్తిస్తుంది. అడవి జాతికి చిన్న గడ్డ నాసిరకం కాదు, దాని స్వభావమే అంత.

వాటి దేశంలో, లేదా అలాంటి వాతావరణంలో అవి నిజంగా మొండివే. ఒకసారి నాటితే ఏళ్ల తరబడి తిరిగి వస్తాయి. పక్కకు పాకి గుంపులు కడతాయి. పెద్ద పూల రకాలు రెండోయేటికే నీరసించిపోయే చోట కూడా ఇవి నిలుస్తాయి. అమెరికాలో తెలుగువాళ్లు పెద్దసంఖ్యలో ఉన్న డాలస్ చుట్టుపక్కల ఇది కళ్లారా చూడొచ్చు. డాలస్ ఆర్బొరేటమ్‌లో ఏటా వసంతోత్సవానికి 5 లక్షల దాకా గడ్డపూలు విచ్చుకుంటాయి. వాటిలో పెద్ద టులిప్‌లను ఒక్క ఏటి మొక్కలుగానే చూస్తారు. పూత అయ్యాక తీసేసి, వచ్చే ఏడు కొత్తవి నాటుకుంటారు. టెక్సాస్‌లో ఇంటి తోటల్లో ఏటా తిరిగి పూసే టులిప్ కావాలనుకునేవాళ్లు క్లుసియానా జాతినే ఎంచుకుంటారు. ఆ ఫోటో హిందూపురంలోని బంధువు ఫోన్‌కు చేరేసరికి “వాళ్లకూ ఎండే, మనకూ ఎండే, అక్కడ రాగా ఇక్కడ ఎందుకు రాదు” అన్న ప్రశ్న లేస్తుంది. వేసవి ఎండ రెండుచోట్లా ఒకటే. కానీ డాలస్‌లో జనవరి రాత్రి గడ్డకట్టే చలి ఉంటుంది.

డాలస్ నుంచి వచ్చేటప్పుడు సూట్‌కేస్‌లో నాలుగు గడ్డలు వేసుకురావచ్చనుకునేవాళ్లకు ఒక మాట. నాటుకునే గడ్డలు, విత్తనాలు విదేశాలనుంచి తేవాలంటే 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి పర్మిట్, అక్కడి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. ఇది ఉత్త కాగితాల గొడవ కాదు. గడ్డతోపాటు వచ్చే బూజు, నులిపురుగు ఉల్లి, వెల్లుల్లి పొలాలకు చేరితే నష్టం రైతుదే.

అపోహ: “లంబసింగిలో వస్తాయి కదా, ఢిల్లీలో వచ్చాయి కదా”

లంబసింగిని ఆంధ్ర కశ్మీర్ అంటారు. సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న ఆ ఊళ్లో కొన్ని శీతాకాలపు తెల్లవారుజాములు సున్నాకు దగ్గరగా దిగిన మాట వాస్తవం. గడ్డికొసన మంచు చూడటానికి బస్సుల్లో జనం వెళ్తారు. స్ట్రాబెర్రీలు పండిస్తున్నారు. కానీ టులిప్‌కు నాలుగు చల్లటి తెల్లవారుజాములు చాలవు. పగలూ రాత్రీ నేల చల్లగా మూడు నెలలు ఉండాలి.

ఢిల్లీ సంగతి వేరు. అక్కడి రోడ్ల కూడళ్లలో ఫిబ్రవరిలో కనిపించే టులిప్‌ల గడ్డలు చాలావరకు నెదర్లాండ్స్ నుంచి, ముందే శీతలగదుల్లో చలి పట్టించి తెచ్చినవి. చలి అక్కడే అయిపోయింది. ఢిల్లీలో జరిగేది విచ్చుకోవడం ఒక్కటే. శ్రీనగర్‌లో జబర్వాన్ కొండ పాదాన, దాల్ సరస్సుకు ఎదురుగా ఉన్న ఇందిరాగాంధీ స్మారక టులిప్ తోట 2007లో మొదలైంది. సుమారు 30 హెక్టార్లు. 2023లో 15 లక్షల మొక్కలు, 68 రకాలతో ఆసియాలోకెల్లా పెద్ద టులిప్ తోటగా రికార్డు పుస్తకాల్లోకి ఎక్కింది. అంత కశ్మీరు చలిలోనూ పూత నిలిచేది మార్చి చివరినుంచి మూడు నాలుగు వారాలే. ఏడాదిలో మిగతా కాలమంతా గడ్డలు తవ్వడం, ఆరబెట్టడం, దాచడం, మళ్లీ నాటడం. టికెట్ కొని ఫోటో దిగి వచ్చినవాళ్లకు ఆ పని కనిపించదు. హిమాచల్‌లోని పాలంపూర్‌లో ఉన్న హిమాలయ జీవవనరుల సంస్థ కూడా 2022లో ఒక టులిప్ తోట తెరిచింది. గడ్డలు మన దేశంలోనే పెంచుకోవాలన్నది వాళ్ల ప్రయత్నం.

అపోహ: “ఫ్రిజ్‌లో పెడితే సరిపోతుంది”

సగం నిజం. కూరగాయల అరలో నాలుగైదు డిగ్రీల దగ్గర గడ్డలను గాలి ఆడే కాగితం సంచిలో సెప్టెంబరు చివర పెట్టి, డిసెంబరు చివరకు తీసి కుండీలో నాటితే, పొద్దుటి ఎండ మాత్రమే తగిలేచోట ఉంచితే, కనగానపల్లిలోనూ ఒక పువ్వు చూడొచ్చు. పనిగట్టుకుని చేసేవాళ్లకు అదొక సరదా. దాన్ని తోట పెంపకం అనడం మాత్రం కుదరదు.

తప్పులు జరిగేది ఈ అరలోనే. చలి ఎక్కువైతే మేలని గడ్డలను ఫ్రీజర్‌లో పెడితే లోపలి కణాలు గడ్డకట్టి చితికిపోతాయి. ఆపిల్, టమోటా, మగ్గిన మామిడి పక్కన పెడితే అవి వదిలే ఇథిలీన్ వాయువు గడ్డలోని మొగ్గను చంపేస్తుంది. ఆకు వస్తుంది, పువ్వు రాదు. కరెంటు గంటలకొద్దీ పోయే ఊళ్లో చలి తెగిపోతుంది. ఇంతా చేసి జనవరి, ఫిబ్రవరుల్లో మొగ్గ వచ్చేసరికి పగటి ఎండ 30 డిగ్రీల చుట్టూ ఉంటుంది. చలిదేశంలో రెండు వారాలు నిలిచే పువ్వు ఇక్కడ కొద్ది రోజుల్లో రాలిపోతుంది. ఆకు కూడా తొందరగా పండిపోతుంది కాబట్టి గడ్డలో వచ్చే ఏటికి బలం చేరదు. ఆ గడ్డను తిరిగి ఫ్రిజ్‌లో పెట్టి రెండో పూతకోసం ఎదురుచూడటం దండగ.

ఇంకో హెచ్చరిక. ఆ సంచిమీద పెద్ద అక్షరాలతో పేరు రాయాలి. టులిప్ గడ్డ ఉల్లిగడ్డలాగే ఉంటుంది, కానీ తినేది కాదు. రెండో ప్రపంచయుద్ధంలో 1944–45 చలికాలపు కరువులో డచ్చివాళ్లు గత్యంతరంలేక వీటిని ఉడికించుకుని తిన్నారన్నది నిజమే. అదీ మధ్యలోని మొలక భాగం తీసేసి. గడ్డలో ఉండే టులిపాలిన్ అనే పదార్థం చర్మానికి దురద, పుండ్లు తెస్తుంది. గడ్డలు ఏరే కూలీల వేళ్లకు ఈ జబ్బు మామూలే. పెంపుడు కుక్కలకూ ప్రమాదం.

అపోహ: “ఏడు రంగుల టులిప్ గింజలు”

ఫోన్‌లో కనిపించే ఈ ప్రకటనల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. టులిప్‌ను గింజనుంచి పెంచితే పూయడానికి నాలుగైదేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. సంకర రకాల గింజ వేస్తే తల్లి పువ్వు రాదు, ఏదో ఒకటి వస్తుంది. అడవి జాతులు మాత్రం గింజనుంచి తమ రూపాన్నే ఇస్తాయి. ఇక నీలి టులిప్. అది లేదు. హ్యుమిలిస్ జాతిలో ఒక తెల్లని రకానికి రేకుల మొదట్లో ఉక్కు నీలం మచ్చ ఉంటుంది. కొన్ని ఊదా రకాలకు పువ్వు అడుగున నీలం కనిపిస్తుంది. పూర్తిగా నీలమైన పువ్వు బొమ్మ ఎవరైనా చూపిస్తే అది కంప్యూటర్‌లో పూసింది.

రేకుమీద మంటల్లా పాకే చారల రకాలకూ ఒక కథ ఉంది. పదిహేడో శతాబ్దపు హాలండ్‌లో ఒక్క గడ్డకు ఇంటి ధర పలికిందని చెప్పుకునేది వీటికే. ఆ చారలు వైరస్ తెగులు వల్ల వచ్చినవి. పేనుబంక ఒక మొక్కనుంచి మరోదానికి మోసేది. ఇంగ్లండ్‌లో డొరొతీ కేలీ 1928లో ఆ గుట్టు రుజువు చేసేదాకా తోటమాలులు మన్ను మార్చి, ఎరువు మార్చి, రకరకాల మంత్రాలు వేసి చారలు తెప్పించాలని చూశారు. క్లుసియానా మీది ఎర్రచార మాత్రం తెగులు కాదు, పుట్టుకతో వచ్చింది. 1637లో హాలండ్‌లో టులిప్ ధరలు కూలినప్పుడు దేశమంతా దివాలా తీసిందన్నది కూడా అతిశయోక్తే. చరిత్రకారిణి ఆన్ గోల్డ్‌గార్ పాత దస్తావేజులు తిరగేసి, నష్టపోయినవాళ్లు కొద్దిమంది వ్యాపారులేనని 2007లో తేల్చారు.

అపోహ: “మన ఊళ్లోనూ టులిప్ చెట్టు ఉంది”

ఉన్నది గంగరావి. పసుపు పూలు సాయంత్రానికి ఎర్రబడతాయి. ఇంగ్లిషువాళ్లు దానికి టులిప్ చెట్టని పేరు పెట్టారు, కానీ అది మందారం కుటుంబానిది. పార్కుల్లో, రోడ్లపక్కన నారింజ ఎరుపు గుత్తులు పూసే ఆఫ్రికన్ టులిప్ చెట్టు వేరే కుటుంబం. నర్సరీల్లో సియామ్ టులిప్ అని అమ్మేది పసుపు కొమ్ముకు చుట్టం. దీన్ని మాత్రం తీసిపారేయాల్సిన పనిలేదు. థాయిలాండ్‌లో వానకాలంలో మైదానాలు నింపే ఈ మొక్కకు చలి అక్కరలేదు. తొలకరి ముందు దుంప నాటి, చివికిన పశువులపేడ వేసి, కాస్త నీడలో తడి ఆరకుండా చూస్తే కనగానపల్లి మిద్దెమీద కుండీలోనూ వానల వేళ గులాబీరంగు కంకి వేస్తుంది. చలికాలంలో ఆకు ఎండిపోగానే నీళ్లు మానేయాలి.

టులిప్‌కు మన అడవిలో చుట్టం ఎవరంటే అడవినాభి. ముళ్లపొదల్లో తొలకరికి పాకి, పసుపు ఎరుపు మంటల్లా పూసే తీగ. వృక్షశాస్త్రం దృష్టిలో అది, టులిప్ ఒకే క్రమానికి (ఆర్డర్‌కు) చెందినవి. అది వానకు లేస్తుంది, చలికాలంలో దుంపగా నిద్రపోతుంది, ఎండలకు భయపడదు. ఈ సీమ కాలాలకు సరిగ్గా కుదిరిన లెక్క. తమిళనాడులో మందులకోసం దాని గింజలను పొలాల్లోనే పండిస్తారు. కానీ కాల్చిసిన్ అనే విషం మొక్క నిండా, ముఖ్యంగా దుంపలో ఉంటుంది. పిల్లలు, మేకలు తిరిగే పెరట్లో పెట్టకూడదు.

అలాంటి ఇంటికి దండల బజారులో లిల్లీ అని పిలిచే నేలసంపెంగ ఉంది. మెక్సికో నుంచి వచ్చినా చలి అడగదు, ఎర్రనేలలో నీళ్లు నిలవకుండా చూస్తే చాలు. హిందూపురానికి దగ్గరలోని బెంగళూరు హెసరఘట్టలో భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ తీసిన రకాల్లో దండలకు ‘శృంగార్’, ‘ప్రజ్వల్’, కూజాలో పెట్టుకోవడానికి ముద్దపూల ‘సువాసిని’, ‘వైభవ్’ ఉన్నాయి. జూన్, జూలైల్లో గడ్డ నాటితే మూడు నాలుగు నెలల్లో మొదటి కంకి వస్తుంది.